కన్ను కారితే పన్ను చూడండి

మీ ఇల్లు పాలకుర్తిలో ఉందనుకుందాం. వాకిట్లో నిలబడితే సోమేశ్వరస్వామి గుట్ట కనిపిస్తుంది. ఒకనాడు మీ నాన్నగారు వరంగల్ నుంచి వస్తూ ఒక తెల్ల కుందేలు పిల్లను తెచ్చి మీ చేతుల్లో పెట్టారు. నాయనమ్మ దాన్ని చూసి "చెవులపిల్లిని ఇంట్ల పెంచుతరా బిడ్డా!" అని నవ్వింది.

ఏడాది గడిచింది. కుందేలు మీకు బాగా మాలిమి అయింది. ఒక సాయంత్రం మీరు బడి నుంచి వచ్చేసరికి దాని ఎడమ కన్ను చెమ్మగా ఉంది. కంటి కింద బొచ్చు తడిసి అట్టకట్టింది. దుమ్ము పడిందేమోనని తడిగుడ్డతో తుడిచారు. తగ్గలేదు. మందుల దుకాణంలో కంటి మందు తెచ్చి వేశారు. నాలుగు రోజుల్లో తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ అదే కన్ను కారింది. మళ్ళీ మందు, మళ్ళీ తగ్గడం. మూడోసారి వచ్చింది మాత్రం నీరు కాదు, పెరుగులాంటి తెల్లని చీము.

కన్ను కారుతోంది కాబట్టి జబ్బు కంట్లోనే ఉందని ఇంట్లో అందరూ తీర్మానించారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే సామెత మీరు వినే ఉంటారు. మన కథలో ఆ కనిపించని నాలుగో కాలు కుందేలు నోట్లో ఉంది!

ఆశ్చర్యంగా ఉందా? ఇంకో రెండు సంగతులు మీ కళ్ళబడే ఉంటాయి. వాటిని కంటితో కలిపి ఆలోచించి ఉండరు, అంతే. ఇదివరకు గరిక పోచలను కరకర నమిలే కుందేలు ఇప్పుడు గడ్డిని వాసన చూసి వదిలేస్తోంది. మెత్తని అన్నం, అరటిపండు మాత్రం తింటోంది. దాని గడ్డం కింద బొచ్చు కూడా తడిగా ఉంటోంది. ఈ మూడూ ఒకే చోట కలుస్తాయి. ఎలా కలుస్తాయో చూద్దాం.

కన్నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ముందు మీ సంగతే తీసుకోండి. గట్టిగా ఏడ్చినప్పుడు మీ ముక్కు ఎందుకు కారుతుంది? కంట్లో చుక్కల మందు వేసుకున్నాక కాసేపటికి గొంతులో చేదు ఎందుకు తగులుతుంది? కంటికీ ముక్కుకీ మధ్య ఒక సన్నని గొట్టం ఉంది కాబట్టి. అద్దం ముందు నిలబడి కింది రెప్పను కొంచెం కిందికి లాగండి. ముక్కు వైపు మూలలో, రెప్ప అంచు మీద, గుండుసూది మొనంత చిన్న రంధ్రం కనిపిస్తుంది. పై రెప్పకూ అలాంటిదే ఒకటి ఉంటుంది. కంటిని తడిపే నీరు పని అయిపోగానే ఈ రంధ్రాల గుండా అశ్రునాళంలోకి దిగి, ముక్కులోకి చేరుతుంది. అందుకే మామూలు వేళల్లో కన్నీరు చెంపల మీదికి కారదు.

కుందేలుకు ఈ రంధ్రం కంటికి ఒక్కటే, కింది రెప్పలో ఉంటుంది. అక్కడి నుంచి అశ్రునాళం ఎముకలోకి దిగి, రెండు చోట్ల వంపు తిరిగి, ముక్కు రంధ్రం దగ్గర తెరుచుకుంటుంది. దారిలో అది పై దవడ ముందు పన్ను మొదలును రాసుకుంటూ పోతుంది. సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పుతో బయలుదేరిన గొట్టం సరిగ్గా ఆ చోటనే ఇరుకై దాదాపు 1 మిల్లీమీటరు అవుతుంది. మురికి కాలువ పక్కనే పెద్ద చెట్టు ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు కదా! చెట్టు వేరు లావెక్కి కాలువ గోడను లోపలికి నొక్కుతుంది. కాలువ పూడుతుంది. నీరు వీధిలోకి పొంగుతుంది. వీధిని ఎంత ఊడ్చినా లాభమేముంటుంది?

మన కుందేలు కంట్లో జరిగింది అదే. పన్ను మొదలు పెరిగి నాళాన్ని నొక్కింది. కన్నీటికి దారి లేక చెంప మీదికి పొంగింది. నాళంలో నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు చేరి చీము పట్టింది. మీరు వేసిన మందు సూక్ష్మజీవులను చంపింది కాబట్టి నాలుగు రోజులు తగ్గింది. నొక్కే పన్ను నొక్కుతూనే ఉంది కాబట్టి మళ్ళీ వచ్చింది.

ఆగని పళ్ళు

మనకు పాలపళ్ళు ఊడి శాశ్వత దంతాలు వస్తాయి. అవి ఒకసారి పూర్తిగా వచ్చాక ఇక పెరగవు. కుందేలు పళ్ళ తీరు వేరు. వాటి కింది కొస ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అక్కడ కొత్త దంత పదార్థం తయారవుతూ, బతికినన్నాళ్ళూ పన్నును పైకి నెడుతూనే ఉంటుంది. ముందు పళ్ళు, అంటే కుంతకాలు, వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. ఏడాదికి ఎంతో లెక్క కట్టండి. 10 సెంటీమీటర్లు దాటుతుంది! మీ జామెట్రీ బాక్సులోని స్కేలు 15 సెంటీమీటర్లు కదా. దానిలో మూడింట రెండు వంతుల పొడవు పన్ను ఒక్క ఏడాదిలో పుట్టుకొస్తుందన్న మాట. లోపలి నమిలే పళ్ళు నిదానం. నెలకు 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి.

కుందేలుకు మొత్తం 28 పళ్ళు. పై దవడలో ఒక్కో పక్క 2 కుంతకాలు, 3 అగ్రచర్వణకాలు, 3 చర్వణకాలు ఉంటాయి. కింది దవడలో ఒక్కో పక్క 1, 2, 3. రదనికలు లేవు. వాటి చోట పెద్ద ఖాళీ ఉంటుంది. పై దవడలో పక్కకు రెండు కుంతకాలు అన్నానే, రెండోది పెద్దదాని వెనక దాక్కున్న చిన్న మేకు లాంటి పన్ను. ఎలుకకూ ఉడుతకూ అది లేదు. అందుకే ఒకప్పుడు ఎలుకలతో కలిపి లెక్కించిన కుందేళ్ళను 1912లో గిడ్లీ అనే శాస్త్రజ్ఞుడు విడదీసి లాగోమార్ఫా అనే ప్రత్యేక క్రమంగా నిలబెట్టాడు. పరీక్షలో అడిగితే రాయడానికి బాగుంటుంది కాని, మన కుందేలు కన్ను కారడానికి దీనితో సంబంధం లేదు.

ఆగకుండా పెరిగే పన్ను ఆగకుండా అరగాలి. అరుగుదల తగ్గితే పన్ను ముందు పైకి పొడుగవుతుంది. పై పన్నూ కింది పన్నూ ఎదురెదురుగా తగిలి ఇక పైకి జరగడానికి చోటు లేనప్పుడు, పెరుగుదల వెనక్కి తిరుగుతుంది. పన్ను మొదలు దవడ ఎముకలోకి దిగుతుంది. పై కుంతకం వెనక్కి వస్తే అశ్రునాళం నలుగుతుంది. పై చర్వణకాల మొదళ్ళు కంటి గుంటకు కిందనే ఉంటాయి. అవి పైకి పొడుచుకొస్తే కంటి వెనక చీముగడ్డ కట్టి కనుగుడ్డును ముందుకు నెడుతుంది. కింది పళ్ళయితే దవడ అంచున బొడిపెలుగా తగులుతాయి. నోట్లో పళ్ళ అంచులు అరగక సూదుల్లా తేలుతాయి. కింది పళ్ళ మొనలు నాలుకను, పై పళ్ళ మొనలు బుగ్గను కోస్తాయి. గడ్డిని వదిలేసి అన్నం తినడం, చొంగ కారి గడ్డం తడవడం అందుకే.

గడ్డి చేసే పని

ఒక చిన్న పరిశీలన చేయండి. రెండు అరచేతులూ చెంపలకు ఆనించి ముందుగా ఒక బిస్కట్టు నమలండి. తరువాత చెరుకు ముక్క నమలండి. బిస్కట్టుకు దవడ కిందికీ పైకీ ఆడితే చాలు. చెరుకుకు దవడ పక్కలకు కూడా తిరుగుతుంది. ఇప్పుడు నెమరు వేస్తున్న గేదె దగ్గర కాసేపు కూర్చోండి. దాని కింది దవడ తిరగలిలా అడ్డంగా ఎలా తిరుగుతుందో చూడండి.

కుందేలు గడ్డి నమిలేటప్పుడూ అంతే. కింది దవడ పక్కకు జరుగుతూ, నిమిషానికి వంద సార్లకు పైగా పళ్ళను ఒకదానిమీద ఒకటి రాపాడిస్తుంది. గడ్డిలోని నార, అందులోని సన్నని సిలికా కణాలు కలిసి పళ్ళను సమంగా అరగదీస్తాయి. బియ్యం, శనగలు, పేలాలు, బిస్కట్లు పెట్టారనుకోండి. కుందేలు వాటిని కిందికీ పైకీ కొట్టి చితకగొడుతుంది. పైగా కాసేపట్లో కడుపు నిండిపోతుంది. రోజుకు గంటల తరబడి రాయవలసిన తిరగలి పది నిమిషాలు తిరిగి ఆగిపోతుంది.

బొమ్మల కథల్లో కుందేలు ఎప్పుడూ క్యారెట్ పట్టుకునే కనిపిస్తుంది. ఆ బొమ్మలు గీసినవాళ్ళు కుందేళ్ళకు మేలు చేశారని నేననుకోను. క్యారెట్‌లో తీపి ఎక్కువ, నార తక్కువ. వారానికి రెండు మూడుసార్లు చిన్న ముక్క పెడితే చాలు.

మీ ఊరి గుట్టల పొదల్లో తిరిగే అడవి కుందేలును తలుచుకోండి. అది మన పెంపుడు కుందేలుకు దూరపు చుట్టమే కాని అదే జాతి కాదు. పెంపుడు కుందేలు పూర్వీకులు ఐరోపావి. దాని పిల్లలు కళ్ళు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. అడవి కుందేలు పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరిచే పుడతాయి. అడవి కుందేలు పళ్ళూ ఆగకుండా పెరిగేవే. దానికి బియ్యం గిన్నె ఎవరూ పెట్టరు. రాత్రంతా గడ్డీ గాదమూ కొరికి అరగదీసుకుంటుంది. (దాన్ని పట్టి పెంచుదామని మాత్రం అనుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.)

తిండి ఒక్కటే కారణం కాదు. బ్రిటన్‌లో ఫ్రాన్సెస్ హార్కోర్ట్-బ్రౌన్ అనే పశువైద్యురాలు 1990లలో పెంపుడు కుందేళ్ళ పుర్రెలను పరిశీలించి, కాల్షియం చాలక దవడ ఎముక బలహీనపడటం కూడా పళ్ళు వంకర తిరగడానికి కారణమని వాదించారు. గింజలు కలిపి పెడితే కుందేలు తనకు నచ్చినవి ఏరుకుని, కాల్షియం ఉన్నవి వదిలేస్తుంది. ఎండ తగలని గూట్లో విటమిన్-డి కూడా తగ్గుతుంది. ఇక మూడోది వంశపారంపర్యం. ముద్దుగా ఉంటాయని పెంచే పొట్టి మూతి కుందేళ్ళకు పై దవడ కురుచ. వాటి కుంతకాలు ఒకదానికొకటి అందవు. పై పన్ను పొట్టేలు కొమ్ములా చుట్టుకుంటూ నోట్లోకి, కింది పన్ను బయటికి పెరుగుతాయి. అలాంటి కుందేళ్ళ నుంచి పిల్లలను తీయకూడదు.

ప్రతి కంటి జబ్బుకూ పళ్ళే మూలమని కూడా పట్టుపట్టకండి. అదీ మూడు కాళ్ళ కుందేలే అవుతుంది. గూడు శుభ్రం చేయకపోతే మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వాయువుకు కళ్ళు మండుతాయి. గడ్డి పొట్టు కంట్లో గుచ్చుకోవచ్చు. కుందేలు గంటకు పది పన్నెండు సార్లకు మించి రెప్ప వేయదు కాబట్టి ధూళి తొందరగా చేరుతుంది. రెండు కళ్ళూ కారుతూ తుమ్ములు కూడా ఉంటే పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవిని అనుమానించాలి. ఒకే కన్ను, మళ్ళీ మళ్ళీ, తిండిలో మార్పుతో కలిసి కారితే మాత్రం ముందు నోరు చూడాలి.

డాక్టరుగారి దగ్గర

మీ దగ్గరి పశువైద్యశాలకు ఎక్కువగా వచ్చేవి గేదెలు, గొర్రెలు, మేకలు. కుందేలు ఎప్పుడో గాని రాదు. కనుక "డాక్టరుగారూ, ఇది మూడోసారి కన్ను కారడం. గడ్డి తినడం మానేసింది. కొంచెం నోరు కూడా చూస్తారా?" అని మీరే చెప్పండి. ఎక్స్‌రే, మత్తు ఇచ్చే ఏర్పాటు కావాలంటే వరంగల్ పక్కన మామునూరులోనూ, హైదరాబాదులో రాజేంద్రనగర్‌లోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వేసవిలో అయితే తెల్లవారుజామునే బయలుదేరండి. కుందేలు ఎండకు తట్టుకోలేదు.

కుందేలు నోరు చిన్నది, పైగా లోతు. చర్వణకాలు బయటికి కనిపించవు. అందుకని డాక్టరు దీపం ఉన్న చిన్న గరాటు లాంటి సాధనం పెట్టి లోపలికి చూస్తారు. పన్ను మొదలు ఎక్కడిదాకా పోయిందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఇక కంటికి ఒక చక్కని పరీక్ష ఉంది. ఫ్లోరిసీన్ అనే రంగు చుక్క కంట్లో వేసి కొన్ని నిమిషాలు ఆగుతారు. నాళం తెరిచి ఉంటే ముక్కు రంధ్రం దగ్గర పచ్చని రంగు కనిపిస్తుంది. పూడి ఉంటే కనిపించదు. కంటి ముందు పొర, శుక్లపటలం మీద పుండు ఉంటే అదీ ఈ రంగుతో మెరుస్తుంది. తరువాత సన్నని గొట్టంతో ఉప్పునీరు పంపి నాళాన్ని కడుగుతారు. పొడుగైన పళ్ళను, సూది మొనలను తిరిగే ఆకురాయి లాంటి పరికరంతో అరగదీస్తారు.

ఇక్కడ మీకు ఒక కఠినమైన సంగతి చెప్పాలి. ఒకసారి వంకర తిరిగిన పన్ను మొదలు మళ్ళీ తిన్నగా కావడం అరుదు. కుంతకాలను నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి అరగదీయించాలి. నాళాన్ని ఎన్నోసార్లు కడగవలసి రావచ్చు. లేదా ఆరు కుంతకాలనూ తీసేస్తారు. అప్పుడు కుందేలు పెదవులతోనే తిండి అందుకుంటుంది. మీరు గడ్డిని సన్నగా కత్తిరించి పెడితే ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతుంది. ఇది తగ్గిపోయే జలుబు కాదు, కనిపెట్టుకుని ఉండవలసిన జబ్బు. ఇంట్లో పెద్దవాళ్ళతో ఖర్చు సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇంట్లో చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. గోరు కత్తెరతో పన్ను కత్తిరించకండి. పన్ను నిలువునా చీలి, చీలిక మొదలుదాకా పోతుంది, అక్కడ చీము పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ ఇంట్లో మిగిలిన మాత్రలు దాని నోట్లో వేయకండి. మనం వాడే ఆమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు చచ్చిపోవచ్చు. దాని పెద్ద అంధనాళంలో గడ్డిని పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు ఆ మందుకు నశిస్తాయి. వాటి చోట విషం పుట్టించేవి పెరుగుతాయి. స్టెరాయిడ్ కలిసిన కంటి చుక్కలు కూడా డాక్టరు చెప్పకుండా వేయకూడదు. శుక్లపటలం మీద పుండు ఉంటే అది ముదురుతుంది.

మీ చేతిలో ఉన్నది

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి ఆదివారం కుందేలును సంచిలో కూర్చోబెట్టి కిరాణా కొట్టు త్రాసు మీద తూచి బరువు రాయండి. కుందేలు ఇతర జంతువులకు ఆహారమయ్యే జీవి. నొప్పి ఉన్నట్టు కనిపిస్తే నక్క ముందు దాన్నే పడుతుంది. కనుక నొప్పిని దాచుకుంటుంది. త్రాసు దగ్గర మాత్రం దాచలేదు. పై పెదవిని మెల్లగా ఎత్తి కుంతకాలు చూడండి. పై పళ్ళు కింది పళ్ళకు కొంచెం ముందుగా, వడ్రంగి ఉలిలా నునుపుగా ఉండాలి. కింది దవడ అంచును వేలితో తడిమి బొడిపెలున్నాయేమో చూడండి. పెంటికలు చిన్నవైనా, తగ్గినా రాయండి. కుందేలు రాత్రిపూట వేసే మెత్తని పెంటికలను తానే తిరిగి తింటుంది. నోరు నొప్పిగా ఉంటే అవి తోక కింద అంటుకుని ఉంటాయి. పట్టుకునేటప్పుడు చెవులు పట్టి ఎత్తకండి. వెనక కాళ్ళు ఆనక గింజుకుంటే వెన్నెముక విరుగుతుంది. తువ్వాలు చుట్టి, కింద చెయ్యి పెట్టి ఎత్తండి.

కన్ను కారుతుంటే అర చెంచా ఉప్పు అర లీటరు నీళ్ళలో వేసి కాచి చల్లార్చి, దూది ముంచి రోజుకు రెండుసార్లు తుడవండి. చెంప పొడిగా ఉంచండి. లేకపోతే చర్మం పుండవుతుంది.

తిండికి గరికను మించినది లేదు. వానాకాలంలో గట్ల మీద కావలసినంత దొరుకుతుంది. కోసి, నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో దాస్తే ఎండాకాలానికి పనికొస్తుంది. బూజు పడితే పారేయండి. మీ ప్రాంతంలో పత్తి ఎక్కువ కదా! మందు కొట్టిన చేల గట్ల మీద గడ్డి ఎంత పచ్చగా ఉన్నా ముట్టుకోకండి. లేత జొన్న మొక్కలో విషం ఉంటుంది, అదీ వద్దు. వరిగడ్డి గూట్లో పరచడానికి బాగుంటుంది కాని కడుపుకు అదొక్కటే చాలదు. ఇన్నాళ్ళూ అన్నం తిన్న కుందేలును ఒక్కరోజులో గడ్డికి మార్చకండి. రెండు మూడు వారాలు పట్టనివ్వండి.

పూర్తిగా తిండి మానేసి, పెంటికలు కూడా వేయకుండా పన్నెండు గంటలు గడిస్తే మాత్రం ఆదివారం దాకా, ఆఖరికి మర్నాటి దాకా కూడా ఆగకండి. కుందేలు పేగులు ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం కష్టం. ఆ రోజు బడి మానినా ఫరవాలేదు. నోటుపుస్తకం చంకలో పెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తండి. కన్ను ఏ తేదీన కారింది, బరువు ఎన్ని గ్రాములు తగ్గింది, గడ్డి ఏనాటి నుంచి వదిలేసింది అని ఆయన అడిగేవన్నీ అందులో ఉంటాయి.